చిన్న డబ్బా, నాలుగు నెలలు

నిన్న పొద్దున పాల కోసం వీధి మలుపు దాకా వెళ్తే, మా వీధిలో ట్యూషన్లు చెప్పే మాస్టారు నన్ను పట్టుకున్నారు. "సార్, అరచేతిల పట్టేటి చిన్న కంప్యూటర్లు వస్తానయి గద, ఒకటి తీసుకుందామనుకుంటాన్న. ఇప్పుడే కొనాల్నా, జర ఆగాల్నా? మిమ్ముల్నే అడుగుమని అందరన్నరు" అన్నారు. అందరూ అనే ఉంటారు. ఈ వీధిలో ఎవరింటికి మిక్సీ రావాలన్నా, టీవీ రావాలన్నా ముందు నా చెవిన పడాల్సిందేనన్న పేరు నాకుంది. నా దగ్గర జవాబు కూడా ఎప్పుడూ ఒకటే: ఆగండి. వచ్చే నెల కొత్తది వస్తుంది, పాతదాని ధర తగ్గుతుంది, తొందరేముంది? నిదానమే ప్రధానం. ఈ సూత్రం ప్రకారం మా ఇంటికి ఫ్రిజ్ రావడానికి రెండు ఎండాకాలాలు పట్టింది. మూడో ఎండాకాలం ముందర మా ఆవిడ తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి, నాతో ఒక్క మాటైనా అనకుండా కొనుక్కొచ్చుకుంది. ఈ ముచ్చట చెప్పి నలుగురినీ నవ్వించడం నాకు అలవాటు. నిన్న మాత్రం నాకే నవ్వు రాలేదు. ఆయన అడిగిన వస్తువు అలాంటిది. "చూసి చెప్తా మాస్టారూ" అని తప్పించుకుని ఇంటికి వచ్చి, పాల ప్యాకెట్ చేతిలో పట్టుకునే వరండాలో చాలాసేపు కూర్చుండిపోయాను.

పోయిన దసరా దాటాక మొదలైన సంగతి అది. మా అన్న కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడు. నేసేవాళ్ళు ఇంకా ఉన్నారు గానీ, నమూనా తానే గీసి తానే నేసేవాడు మా వాడకట్టులో ఆయనొక్కడే మిగిలాడు. నేను పదో తరగతి పాసై మగ్గం గుంటలోంచి బయటపడి, ఒక సర్కారు దఫ్తరులో గుమాస్తాగా చేరి, అక్కడే జుట్టు నెరిసి, రిటైరై ఇంటికి వచ్చాను. అన్న మాత్రం మా బాపు లేచిన చోటే కూర్చున్నాడు. ఆ ఇంట్లో ముందు గది అంతా మగ్గమే. మగ్గం పక్కనే వదినె రాట్నం. అన్న నేతకు కావలసిన రంగు నూలును ఆమె ఆ రాట్నం మీద కండెలుగా చుట్టి అందిస్తుంటుంది. అద్దకం నూలు వాసన ఆ గది గోడలకు పట్టేసింది. కళ్ళు మూసుకుని తీసుకెళ్ళినా అది మా ఇల్లేనని చెప్పగలను. అటక మీద ఒక రేకు పెట్టె, అందులో గ్రాఫు కాగితాలు. బాపు గీసినవి కొన్ని, అన్న గీసినవి ఎక్కువ. నెమళ్ళు, తీగలు, ఏనుగుల బారులు. ఒక్కో కాగితం ఒక్కో జంపఖానా.

ఆ కాగితాలు మీ చేతికిచ్చినా మీకేమీ అర్థం కాదు. వాటి మీద రంగులుండవు. ఒక్కో గడిలో ఒక చుక్కో, గీతో, సున్నానో, ఇంటూ గుర్తో, అంతే. బాపు కాలంలో నమూనాల దొంగతనం మహా జోరుగా సాగేది. దసరాకు ఒకింటి మగ్గం మీద పూసిన పువ్వు దీపావళికల్లా పక్కింటి మగ్గం మీద పూసేది. అందుకని బాపు ఒక పద్ధతి పెట్టాడు. కాగితం మీద రంగు పేరు రాయకూడదు, గుర్తు మాత్రమే పెట్టాలి. ఆ గుర్తు కూడా కాగితానికొక తీరుగా మారాలి. ఒక కాగితంలో చుక్క ఎరుపైతే మరో కాగితంలో చుక్క ఆకుపచ్చ. "కాయితం పోతే పోనియ్, రంగు పోవద్దు" అనేవాడు. ఏ గుర్తు ఏ రంగో నేసేవాడి తలలో ఉండాలి, ఇంకెక్కడా ఉండకూడదు. కన్నకొడుకునే అయినా మగ్గం దిగినవాణ్ణి కనుక నాకూ చెప్పలేదు. నేనూ అడగలేదనుకోండి, నా చదువు గర్వం నాది.

దసరా దాటిన వారానికి అన్న నేస్తున్న అంచులో ముదురు ఎరుపు పడాల్సిన చోట రెండు వేళ్ళ మేర గోధుమరంగు పడింది. నలభై ఏళ్ళు దాటిన నేతలో ఎన్నడూ జరగనిది. వదినె చూసి ఆ వరుసలు విప్పేసింది. మర్నాడు అన్న బిడ్డ తండ్రిని కంటి దవాఖానకు తీసుకుపోయింది. పాలిటెక్నిక్ చదివి, ఇంట్లోనే ఉండి కంప్యూటర్ మీద చిన్న చిన్న డిజైన్లు గీసిచ్చే పిల్ల అది. నీటికాసులు అన్నాడట డాక్టరు. లోపలి నరం ఎండిపోతోంది, పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని నిలబెట్టడానికి ముందు మందులు, తర్వాత ఆపరేషన్. ఇంకెంతకాలం కనిపిస్తుందని పిల్ల అడిగితే, "చెప్పలేమమ్మా, చూసి చేసుకోవాల్సిన పనులేమైనా ఉంటే ముందు చేసుకోమను" అన్నాడట.

ఆ సాయంత్రమే పిల్ల నా దగ్గరికి వచ్చింది. "చిన్నబాపు, పెట్టెలున్న కాయితాలన్ని స్కాన్ కొట్టిస్త. మా బాపుకు కాయితం మీద గడి కనబడుతలేదు, అద్దం పెట్టి చూస్తే కండ్లల్ల నీళ్ళు కారుతానయి. టీవీ మీద పెద్దగ చేసి చూపిస్తే కనబడ్తది. బాపు రంగు చెప్పుకుంట పోతే నేను నింపుకుంట పోత. నా పాత ల్యాప్‌టాప్‌ల ఒక్క కాయితం తెరిస్తే ఆగిపోతాంది. టీవీ వెనుక పెట్టేటి చిన్న డబ్బా ఒకటి కొందాం" అంది. పెద్ద కంప్యూటర్ పెట్టడానికి ఆ ఇంట్లో జానెడు చోటు లేదు, పెట్టినా నూలు ధూళి దాన్ని బతకనివ్వదు. ల్యాప్‌టాప్ తెర అన్న చూపుకు ఆనదు. పిల్ల అన్నీ ఆలోచించుకునే వచ్చింది. డబ్బు నా రిటైర్మెంటు డబ్బులోంచి ఇస్తానని నేనే మాటిచ్చాను. ఇక ఏది కొనాలి, ఎప్పుడు కొనాలి అన్నది నా పెద్దరికానికి వదిలేశారు.

నాలుగు రోజులు ఫోన్‌లో వీడియోలు చూసి చూసి నాకు కావలసిన మాట సంపాదించాను. ఆ డబ్బాకు కొత్త మోడల్ వచ్చే నెలే వస్తోంది! "ఒక్క నెల ఆగు బిడ్డా. గప్పుడు కొత్తదన్న తీసుకుందాం, లేకుంటే పాతదే అగ్గువకు వస్తది" అన్నాను. పిల్ల ముఖం వాడిపోయింది. "మరి గందాక నా దోస్తు ఇంట్ల కూసుండి చేస్తం, వాళ్ళ కంప్యూటర్ మంచిగున్నది" అంది. ఇంటి గుట్టు పరాయి ఇంట్లో కూర్చుని విప్పడమేమిటి, నెల తిరక్కుండా మనది మనకు వస్తుంటే, అని నేనే అడ్డుపడ్డాను. ఆ మాట అన్నందుకు ఇవాళ్టికీ నాలుక కరుచుకుంటున్నాను.

కొత్త మోడల్ వచ్చింది. దాని ధర చూస్తే కళ్ళు తిరిగాయి. పాతదైనా తీసుకుందామంటే అదీ పెరిగి కూర్చుంది. మెమరీకి లోకమంతా కరువొచ్చిందనీ, ముందు ముందు ఇంకా పెరుగుతుందనీ హన్మకొండ చౌరస్తాలో దుకాణాయన చెప్పాడు. పిల్ల నా మోచేయి పట్టుకుని, "పెరిగితే పెరిగింది చిన్నబాపు, తీసుకుందాం" అంది. అమ్మేవాడి మాట నమ్మి కొనేంత అమాయకుణ్ణా నేను? పెరిగింది తగ్గకపోతుందా అన్నాను. ఆ దుకాణం మెట్లు మూడుసార్లు ఎక్కి, మూడుసార్లూ వట్టి చేతులతో దిగాం. నిజం చెప్పాలంటే నాకు కావలసింది డబ్బు మిగలడం కూడా కాదు, నేను మోసపోలేదన్న తృప్తి. దానికి అన్న కళ్ళు ఖర్చవుతున్నాయని తెలుసు. తెలిసీ ఆ తృప్తి వదులుకోలేకపోయాను.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున వాళ్ళింట్లో కూర్చుని ఉండగా వదినె అన్న ముందు చాయ్ గ్లాసు పెట్టింది. అన్న చేయి చాచాడు. చేయి గ్లాసుకు బెత్తెడు పక్కన గాలిని పట్టుకుంది. వదినె, పిల్ల, నేను ముగ్గురం చూశాం. వదినె గ్లాసు జరిపి ఆయన చేతికి తగిలేటట్టు పెట్టింది. ఏమైనా సరే రేపే కొనాలనుకుని ఇంటికి వచ్చి క్యాలెండర్ చూద్దును గదా, మూఢం మొదలైంది.

పెళ్ళిళ్ళకూ గృహప్రవేశాలకూ గానీ కంప్యూటర్‌కు మూఢమేమిటని ఇంకెవరైనా చెబితే నవ్వేవాణ్ణి. కానీ మా ఇళ్ళల్లో మూఢంలో కొత్త మగ్గం పెట్టరు. ఈ డబ్బా అన్నకు కొత్త మగ్గం లాంటిదే కదా అని వాదించాను. మూఢాన్ని నేను నమ్మి కాదు, ధర తగ్గేదాకా ఆగడానికి పంచాంగంలో ఒక సాకు దొరికింది. వదినె రాట్నం ఆపి, "కండ్లు పోవుటానికి మూఢం అడ్డమొస్తాందా? మందులు తెచ్చుటానికి మూఢం చూస్తానమా?" అంది. ఆమె నా ఎదుట అంత గట్టిగా మాట్లాడడం అదే మొదలు. అంతలో అన్నే అందుకున్నాడు: "తమ్ముడు చెప్తాండు గద, ఆగుదాం తియ్. వానికి తెలువదా?" నా మీద ఆయనకు అంత నమ్మకం. పిల్ల లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మూఢం చలికాలమంతా పట్టి వేలాడింది. ధర తగ్గలేదు సరికదా, చూసినప్పుడల్లా ఇంకొంచెం పెరిగింది. ఈలోగా అన్న మగ్గం దిగాడు. వరండాలో గోడ పట్టుకుని నడవడం నేర్చుకున్నాడు. ఆపరేషన్‌కు తేదీ కూడా ఇచ్చారు. శివరాత్రి దాటాక, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, వెళ్ళి కొన్నాను. పిల్ల దాన్ని అరగంటలో టీవీ వెనక బిగించింది. అన్నను టీవీ ముందు స్టూలు మీద కూర్చోబెట్టాం. మొదట బాపు గీసిన ఏనుగుల బారు తెర మీదికి వచ్చింది. "పెద్దగ చెయ్" అన్నాడు అన్న. చేసింది. "ఇంకా." చేసింది. "ఇంకా జర." చివరికి ఒక్క గడి, అందులో ఒకే ఒక్క చుక్క టీవీ అంతా నిండింది. అన్న లేచి వెళ్ళి అరచేత్తో తెరను తడిమాడు.

"నల్లగ ఏందో ఉన్నట్టున్నది. చుక్కనా?"

"చుక్కనే బాపు."

"ఒక్క చుక్కతోని నేనేం చెప్పుదు బిడ్డా! బారంత ఒక్కసారి కంటికానాలె. గప్పుడు ఏ రంగో చెయ్యి చెప్తది. నోటికి రాదు" అని వచ్చి మంచం మీద కూర్చున్నాడు. నేను తలెత్తలేకపోయాను. నీ వల్లే అని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. అంటే బాగుండేది.

రెండు రోజులు ఆ డబ్బా ఉత్తగానే ఉంది. మూడోనాడు నేను అక్కడుండగానే వదినె రాట్నం ముందు నుంచి లేచి వచ్చి, "గీ కాయితంల చుక్కలెన్నున్నయో, గీతలెన్నున్నయో లెక్క చెప్తదానే ఇది?" అని బిడ్డను అడిగింది. రెప్పపాటులో చెప్తుందంది పిల్ల. "చెప్పుమను మరి." అది అన్న గీసిన నెమలి కాగితం. సున్నాలు అన్నిటికంటే ఎక్కువ, తర్వాత ఇంటూలు, వాటి తర్వాత చుక్కలు, గీతలు బహు తక్కువ అని పిల్ల చదివింది. వదినె కళ్ళు మూసుకుంది. "నెమలికి తెల్లయి తొమ్మిది కండెలు చుట్టిన. నీలియి ఐదు. ఆకుపచ్చయి మూడు. పసుపుది ఒక్కటే, గదీ సగం మిగిలె" అంది. ఎక్కువ గడులున్న గుర్తు ఎక్కువ కండెలు పట్టిన రంగు. సున్నా తెలుపు, ఇంటూ నీలం, చుక్క ఆకుపచ్చ, గీత పసుపు. పిల్ల ఒక్కో రంగూ నింపుతుంటే తెర మీద నెమలి మెడ నీలంగా లేచి నిలబడింది.

పెళ్ళై వచ్చిన నాటి నుంచి ఆ ఇంట్లో ప్రతి కండెనూ చుట్టింది ఆమె. గుర్తుల గుట్టు ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఏ నమూనాకు ఏ రంగు ఎన్ని కండెలు తిన్నదో ఆమె చేతులు మాత్రం మరిచిపోలేదు. ఆమెను అడగాలని ఇన్నాళ్ళూ మాలో ఒక్కరికీ తోచలేదు, నాలాంటి మేధావికి అసలే తోచలేదు. మంచం మీది నుంచి అన్న, "పసుపు గాదే, బంగారు రంగు" అని అరిచాడు. "ఆ, నీ బంగారమే! దుకాణంల పసుపనే ఇచ్చిండ్రు" అంది వదినె. ఆ ఇంట్లో నవ్వు విని ఎన్నాళ్ళైందో.

పక్షం రోజుల్లో అన్న గీసిన కాగితాలన్నిటికీ రంగులు తేలాయి. అక్కడక్కడా రెండు రంగులకు సమానంగా కండెలు పట్టిన చోట తల్లీ బిడ్డా తగువులాడుకుని, అన్నను అడిగి తేల్చుకున్నారు. మిగిలినవి బాపు గీసిన పదకొండు. వదినె కాపురానికి వచ్చేనాటికే బాపు గీయడం మానేశాడు. ఆ తర్వాత వాటిని మళ్ళీ నేయలేదు. వాటికి కండెలు చుట్టింది మా అమ్మ. అమ్మ పోయి చాలా ఏళ్ళైంది. ఆ జంపఖానాలు నేసినవి నేసినట్టే అమ్ముడుపోయాయి, ఇంట్లో ఒక్కటీ ఉంచుకోలేదు. నేనూ చిన్నప్పుడు వాటి మీద పొర్లాడినవాణ్ణే. ఏనుగుల బారులో ఎరుపు ఉండేదని తెలుసు, ఏ గడిలో ఉండేదో తెలియదు. అన్నా చూడకుండా చెప్పలేకపోయాడు. తెలిసిన కళ్ళు దసరా నాటికి ఇంకా ఉన్నాయి. అప్పుడు టీవీ మీద చూపించి ఉంటే ఆ పదకొండూ అన్న చెప్పేవాడు. ఇప్పుడవి నలుపు తెలుపు గడులుగానే డబ్బాలో ఉన్నాయి.

ఆపరేషన్ అయింది. వెలుతురు తెలుస్తుంది, ఎదురుగా మనిషి నిలబడితే నీడ తెలుస్తుంది, అంతే మిగిలింది. ఒక మధ్యాహ్నం వదినె, పిల్ల ఇంట్లో లేని సమయం చూసి అన్న పక్కన కూర్చున్నాను. ఇన్నాళ్ళూ దాచుకున్న మాట బయటపెట్టాను. "అన్నా, దసరాకే కొంటే బాపు కాయితాలు దక్కేటియి. నేనే ఆపిన" అన్నాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

అన్న నా చేయి వెతికి పట్టుకున్నాడు. "నువ్వు నాలుగు నెలలు ఆపినవు. నేను ముప్పయి ఏండ్లు ఆపిన తమ్మీ. బాపు పోయిన్నాడే మీ వదినెకు చెప్తే అయిపోయేటిది. బిడ్డ ఎదిగినంక బిడ్డకన్న చెప్పాలె. ఎప్పుడన్న చెప్పొచ్చు, ఏడికి పోతది అనుకున్న" అన్నాడు.

నన్ను ఓదార్చడానికే అన్నాడని తెలుసు. తప్పులో సగం తన మీద వేసుకుని నా బరువు తగ్గించాలని చూశాడు. నేను మాత్రం ఆ లెక్క ఒప్పుకోలేకపోతున్నాను. ఆయన ఆగిన ముప్పయి ఏళ్ళలో ప్రతి రోజు వెనకా చెప్పడానికి ఇంకో రోజు ఉండింది. నేను ఆగిన నాలుగు నెలల వెనక ఆయన కళ్ళకు ఒక్క రోజు కూడా లేదు.