ఒరేగానో మేసిన కోళ్లు

దురాంగో కొండల కింద బ్రాయిలర్ కోళ్లు పెంచే ఎదువిహెస్, మేతలో యాంటీబయాటిక్ మానేసి ఎండు ఒరేగానో ఆకు దంచి కలిపింది. ఆరు వారాలకు కోళ్లు నిగనిగలాడాయి గానీ, షెడ్డంతా, ఆ ఆకే వేసి వండే పొసోలే కోడిపులుసు ఉడుకుతున్న వాసన వేసింది. ఇరుగుపొరుగువాళ్లు పులుసులో పిండుకోవడానికి నిమ్మకాయలు పట్టుకుని గుమ్మం ముందు వాలారు.

"అవింకా బతికే ఉన్నాయర్రా! పొండి!" అని ఆమె చీపురు తిప్పింది.

పశువైద్యుడు వెనాన్సియో వచ్చి, పరీక్షకని రెండు కోళ్లను పట్టుకెళ్లాడు. వారం గడిచినా జవాబు లేదు. ఆమె ఆఫీసుకే వెళ్లి నిలదీసింది.

"ఏం తేలింది డాక్టరుగారూ?"

అతను తల వంచుకున్నాడు. "రోగమేమీ లేదమ్మా. ఉప్పే కాస్త తక్కువ పడింది."

ఆమెకు కోపం రావాలి. కానీ పదేళ్లుగా మందులు కలిపి పెంచిన కోళ్లను ఏ డాక్టరూ ఇంతగా మెచ్చుకోలేదు.

"ఆ మాటే ముద్ర వేసి రాసివ్వండి," అంది.

అతను రాసిచ్చాడు.