కన్నమున్న ఆల్చిప్ప

అరకు వెళ్లే రైల్లో, టైడా స్టేషను ఇంకా రాకముందు, ఎదుటి సీటులో ఒక తల్లి ఒళ్లోని పసిపిల్ల మెడకేసి చూస్తూ ఉండిపోయాను. నల్లదారానికి చిన్న ఆల్చిప్ప కట్టి ఉంది.

"ఏటక్కా, అలా సూత్తన్నావు?" అంది తల్లి.

"ఆ చిప్పకి కన్నం ఎవరు వేశారు?"

"ఎవులూ ఎయ్యనేదు. మనిసి సేత్తో కన్నమేసింది మా ఇంట్లో పసిగుంటలకి కట్టరు. ఆసుపత్రి నుంచి వత్తా బీచిలో ఏరుకున్నాను."

సముద్రంలో వేటాడే చిన్న నత్తల్ని జాతులవారీగా వేరు చేయడం, ఏది ఏ తీరంలో బతుకుతుందో చూడడం నా పని. పైన వెడల్పుగా మొదలై లోపలికి సన్నబడిన ఆ కన్నాన్ని చూడగానే అది ఏ కుటుంబం నత్త పనో తెలిసిపోయింది. నోరాగలేదు. నాలుక మీది పళ్లతో నత్త ఆ చిప్పను తొలిచి, లోపలున్న జీవిని తినేసిందని చెప్పేశాను.

ఆమె ముఖం మారింది. చెయ్యి దారం ముడి మీదికి వెళ్లింది.

"ఆ నత్త ఎంతుంటాది?"

"శనగగింజంత."

ఆమె చిప్పను గోటితో నొక్కి చూసింది.

"ఇంత గట్టిదాన్ని తొలిసేసిందా?"

ముడి విప్పలేదు. ఇంకాస్త బిగించింది.

"అయితే ఉండనీ అక్కా. మా గుంటకి పాలు పీల్సే ఓపిక కూడా నేదంది డాక్టరమ్మ."

టైడాలో వాళ్లు దిగిపోయారు.

ఇప్పటికీ కన్నమున్న చిప్ప చేతికొస్తే, తొలిచింది ఏ జాతి నత్తో ఆలోచించేలోపే, ఆ గుంటకి పళ్లొచ్చాయో లేదో అనుకుంటాను.