ఆరింటికి పలకని సర్వర్

ఈ మధ్య గోడ క్యాలెండర్ల మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. పైన దేవుడి బొమ్మ, కింద బట్టల దుకాణం వాళ్ల ఫోన్ నంబర్లు, మధ్యలో వర్జ్యం, రాహుకాలం. తేదీ పక్కన మనిషి ఒక్క మాట రాసుకోవడానికి గోరంత చోటు వదలరు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో మా ఇంట్లో వేలాడిన క్యాలెండర్ అలాంటిది కాదు, గళ్లు పెద్దవి. నా ఉద్యోగం నిలవడంలో ఆ గళ్లకూ వాటా ఉంది. ఎంసీఏ చదివినవాడు ఒప్పుకోదగిన విషయం కాదు గానీ, నిజం.

అప్పుడు నేను జగిత్యాలలో ఉండేవాణ్ణి. కోరుట్లలో ఒక డాక్టరుగారి రక్తపరీక్షల ల్యాబు, జగిత్యాలలోనూ సిరిసిల్లలోనూ దానికి చిన్న సెంటర్లు. సెంటర్లలో రక్తం తీసి కోరుట్లకు పంపేవారు. రిపోర్టులను తిరిగి పంపడం కోరుట్లలోని సర్వర్ పని. రోజూ పొద్దున ఆరింటికి, ఎవరూ ముట్టుకోకుండా, నిన్నటి రిపోర్టులన్నీ మూటగట్టి రెండు ఊళ్లకూ పంపేలా నేనొక ప్రోగ్రాము రాసి పెట్టాను. మా అత్తగారింట్లో నన్ను సిస్టమ్స్ మేనేజర్ అని చెప్పుకునేవారు. ఆ సిస్టమ్స్ అన్నీ కలిపితే ఒకటేనని వాళ్లకు చెప్పాల్సిన అవసరం రాలేదు.

దసరా దాటాక ఆ ప్రోగ్రాము అప్పుడప్పుడు ఎగ్గొట్టడం మొదలుపెట్టింది. పది రోజులు బుద్ధిగా నడిచేది, ఒకరోజు నడిచేది కాదు. పైగా అది నిన్నటివి మాత్రమే పంపుతుంది, మొన్నటివి దానికి పట్టవు. కాబట్టి ఒక్కరోజు తప్పితే ఆ రిపోర్టులు మర్నాడు కూడా వెళ్లవు. అలా రాసింది నేనే అన్న సంగతికి పెద్దగా ప్రచారం ఇవ్వలేదు.

సిరిసిల్ల సెంటర్లో కూర్చునే అమ్మాయి ఫోన్ చేసింది. తంగళ్ళపల్లిలో మరమగ్గాలు నడిపే ఒకాయన షుగర్ రిపోర్టు కోసం రెండో రోజు కూడా సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడట. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి నాతో మాట్లాడుతోంది. "సార్, మీ మిషిన్‌కు పానం బాగలేదా? దాని రక్తం గూడ తీసి పంపుమంటరా?"

నాలుగోసారికి డాక్టరుగారు నన్ను పిలిచి కూర్చోమన్నారు. ఆయన కూర్చోమంటే మంచి వార్త కాదని ల్యాబులో అందరికీ తెలుసు. ఇంకొక్కసారి ఇట్లయితే పని హైదరాబాద్ కంపెనీకి ఇచ్చేస్తానని నెమ్మదిగానే చెప్పారు. "వాళ్లు ఏసీ గది అడుగుతున్రు. నువ్వు ఛాయ్‌తోని సరిపెట్టుకుంటున్నవ్. నీలో నాకు నచ్చింది గదొక్కటే" అన్నారు.

పుస్తకాల్లో ఉన్నవన్నీ చేశాను. సర్వర్ గడియారం సరిచూశాను. ఫైళ్లు తెరిచే అనుమతి ప్రోగ్రాముకు ఉందా అని చూశాను, ఉంది. పాస్‌వర్డ్ మార్చి ఆ సంగతి దానికి చెప్పడం మరిచానేమోనని చూశాను, మరవలేదు. నా చేత్తో నడిపితే చక్కగా నడిచింది. తప్పిన రోజుల్లో మాత్రం ముందు రాత్రి కరెంటు పోయినట్టు, పొద్దున తొమ్మిదింటికి వచ్చినట్టు సర్వర్ రాసుకుంది. ఆ రోజుల్లో కరెంటు పోవడాన్ని కారణంగా ఎవరూ లెక్కచేసేవారు కాదు, ఎండ వాన లాంటిది. అయినా యూపీఎస్ బ్యాటరీ కొత్తది వేయించాను. మళ్లీ తప్పితే ఇక ఆ ఉద్యోగంలో నేనుండను.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. నేను వెళ్లినప్పుడల్లా సర్వర్ పెళ్లికొడుకులా కూర్చుని ఉండేది. ఎందుకంటే నేను వెళ్లేది మర్నాడు. అదే రోజు ఎందుకు వెళ్లడం లేదో ఆలోచించి ఉంటే అక్కడే తేలిపోయేది. బస్సులు ఉండేవి కావు.

ఒక ఆదివారం తప్పిన తేదీల కాగితం పట్టుకుని మా ఇంట్లో క్యాలెండర్ ముందు నిలబడ్డాను. ఉద్యమం వల్ల పాప బడి మూతపడిన రోజుల్లో మా ఆవిడ గడిలో 'బంద్' అని రాసేది. నా కాగితంలో నాలుగు తేదీలు. నాలుగింటి గళ్లలోనూ బంద్. మా ఆవిడ కాగితం వైపు, క్యాలెండర్ వైపు చూసి, "మిషిన్ గూడ మనోళ్లదే అన్నట్టు" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. నేనూ ఆర్డీవో ఆఫీసు ముందు దీక్ష టెంటులో కూర్చుని గొంతు పోగొట్టుకున్నవాణ్ణే. సర్వర్ కూడా సమ్మెలో ఉందని మాత్రం నాకెవరూ చెప్పలేదు.

ఆ వారమే ఇంకో బంద్ ప్రకటించారు. ముందురోజు చివరి బస్సుకు కోరుట్ల వెళ్లి, కాలేజీ దోస్తు ఇంట్లో పడుకుని, పొద్దున ఐదున్నరకు ల్యాబుకు బయలుదేరాను. రోడ్డు మీద అప్పుడే వంటావార్పు నిరసనకు రాళ్లు పేర్చి పొయ్యిలు సిద్ధం చేస్తున్నారు. ఎంత పొద్దున్నే వచ్చిండని ఒకాయన నా ఉద్యమ స్ఫూర్తిని మెచ్చుకుని ఛాయ్ ఇచ్చాడు. నిజం చెప్పి ఆయన్ని నొప్పించడం ఎందుకని తాగేశాను.

ల్యాబు తాళాలు ఖాలా దగ్గర ఉండేవి. ఊడ్చి తుడిచి, వెనక గదిలోనే ఉండే పెద్దావిడ. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. పిన్ని అన్నట్టుగా అందరం ఖాలా అనే పిలిచేవాళ్లం. ఆమె తలుపు తీసింది. లోపల చీకటి. సర్వర్ మీద ఒక్క దీపం లేదు. గోడ దగ్గర ల్యాబు మెయిన్ స్విచ్ కిందికి దించి ఉంది.

"ఖాలా, మెయిన్ ఎవలు బంద్ జేసిండ్రు?"

"నేనే."

"ఎందుకు?"

"ఇయ్యాల బంద్ గద సారూ."

బంద్ సంగతి తెలియకుండా ఇంత దూరం ఎలా వచ్చాడీ మనిషి అన్నట్టు జాలిగా చూసింది. మొదటి బంద్‌కు ముందు సాయంత్రం డాక్టరుగారు ఆమెతో, రేపు బంద్, అన్నీ బంద్ చెయ్యమన్నారట. ఆయన ఉద్దేశం షట్టరు, బోర్డు లైటు. ఖాలాకు అది ఇంటి భాషలోని మాట, అందులో సగం బంద్ ఉండదు. అప్పట్నుంచి ప్రతి బంద్‌కూ ముందు సాయంత్రం మెయిన్ దించేది. ల్యాబు పైనే కాపురముండే డాక్టరుగారు తొమ్మిదింటికి మేడ దిగే వేళకు ఎత్తేది. యూపీఎస్ ఎంత కొత్తదైనా తెల్లవార్లూ మోయలేదు.

మెయిన్ ఎత్తాను. సర్వర్ తీరిగ్గా లేచింది. సరిగ్గా ఆరింటికి రిపోర్టులు వెళ్లాయి. ఇకమీద ఒకరోజు తప్పినా, లేవగానే పాతవన్నీ వెతికి పంపేలా ప్రోగ్రాము అప్పటికప్పుడే మార్చాను. మొదటే రాయాల్సిన నాలుగు లైన్లు.

లైటు చూసి డాక్టరుగారు నోట్లో బ్రష్‌తో దిగి వచ్చారు. జరిగిందంతా చెప్పాను. "అయితే తప్పెవలది?" అన్నారు. నేను మెయిన్ వైపు చూశాను. ఖాలా డాక్టరుగారి వైపు చూసింది. డాక్టరుగారు కాసేపు తన బ్రష్ వైపు చూసుకుని, హైదరాబాద్ వాళ్లను వద్దంటాలే అని మెట్లెక్కారు.

గండం గడిచిందని కుర్చీలో వెనక్కి వాలాను. ఖాలా బల్ల తుడుస్తూ సర్వర్ దగ్గర ఆగింది.

"మూడు నెల్ల సంది గీ డబ్బనే అడుగుతున్నవ్ సారూ. నన్ను ఒక్కసారన్న అడిగినవా?"