తూనికల మావయ్య పెట్టిన పరీక్ష

“...అయితే అమ్మాయికొచ్చిన ఆ ముప్ఫై ఒక్క మార్కులూ మా వైపు పోలికంటారు, అంతేగా?” అంటోంది అమ్మ, వంటింట్లోంచి.

“నేనా మాట అన్నానా? సీట్ల ఏజెంటు శనివారంలోగా చెప్పమన్నాడు అన్నాను.” నాన్న కొట్టుకు వెళ్ళడానికి చెప్పులు వేసుకుని, వెళ్ళకుండా నిలబడ్డాడు.

“ఇంకో ఏడాది కోచింగ్ ఇప్పిద్దాం. అదే తెచ్చుకుంటుంది మార్కులు.”

“ఏడాదంతా కూర్చుని మళ్ళీ ముప్ఫై ఒకటే తెస్తే? ఆ కాలేజీ అయితే మార్కులు అడగదు. నాలుగేళ్ళు పోతే ఇంజనీరు అవుతుంది.”

“అలా అని ఎవరు చెప్పారు?”

ఈ ఆఖరి ప్రశ్న మేడ మెట్ల మీంచి దిగింది. దాని వెనకే తూనికల మావయ్య దిగాడు.

మావయ్యకు ఒకటే జబ్బు. దేన్నీ నమ్మడు. చేతికి రెండు గడియారాలు పెట్టుకుంటాడు. రెండూ ఒకే టైము చూపిస్తే, రెండూ కూడబలుక్కున్నాయేమోనని దారిన పోయేవాణ్ణి ఆపి అడుగుతాడు. చక్కెర జబ్బు ఉందని డాక్టరు చెబితే మూడు ల్యాబుల్లో రక్తం ఇచ్చాడు. రిపోర్టులు మూడూ పక్కపక్కన పెట్టుకుని, తేడా వచ్చినవాటిని వదిలేసి, మళ్ళీ ఇచ్చినా అదే అంకె చెప్పిన ల్యాబుకే ఇప్పుడు వెళుతున్నాడు. అంతా అయ్యాక, “జబ్బు ఉన్నమాట నిజమే,” అని డాక్టరుకు ధ్రువీకరించి వచ్చాడు.

ముప్ఫై ఏళ్ళు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి, రిటైరయ్యాక చెల్లెలి ఇంటి మేడ మీద ఉంటున్న మనిషి. చెల్లెలి పెళ్ళయిన నెలకే బావగారి కిరాణా కొట్టుకు తనిఖీకి వచ్చి కేసు రాశాడు.

“కిలోకి అయిదు గ్రాములు ఎక్కువ తూగుతోంది బావగారూ. నష్టం నాకేగా,” అని మొత్తుకున్నాడట నాన్న.

“ఎక్కువ తూగినా తప్పే,” అని రసీదు చేతికిచ్చి, పైన వడ్డించిన భోజనానికి వెళ్ళాడట మావయ్య.

అలాంటి మనిషి, మేనకోడలి ప్రవేశ పరీక్ష ఫలితాలు వచ్చి పదిరోజులైనా, ఆమెను ఒక్క ప్రశ్న అడగలేదు. మిగతా అందరూ అడిగారు. “ఫోను చూస్తూ కూర్చున్నావా?” అన్నాడు నాన్న. “నిజంగానే చదివావా, పుస్తకం ముందు పెట్టుకుని నిద్రపోయావా?” అంది అమ్మ. ఎదురింటావిడ గొంతు తగ్గించి, “ఎవరైనా అబ్బాయా?” అంది. అమ్మాయి చదివింది. చదివినా వందకు ముప్ఫై ఒకటే వచ్చాయి. ఆ మాట చెబితే నమ్మేవాళ్ళు లేరు. ఇంక మావయ్య అడక్కపోవడం ఆమెకు మరీ అనుమానంగా ఉంది. కేసు రాసే ముందు కూడా ఆయన ఇలాగే ఉండేవాడని అమ్మ చెప్పేది.

ముందు ఏజెంటు చెప్పిన కాలేజీకి వెళ్ళారు, నాన్నా, మావయ్యా, అమ్మాయీ. ఏజెంటు దగ్గరుండి ల్యాబు చూపించాడు. మావయ్య గోడ మీది క్యాలెండరు ముందు ఆగిపోయాడు. అది మూడేళ్ళ కిందటిది. ఆ మూడేళ్ళలో పిల్లలెవరూ లోపలికి రాలేదా, వచ్చినవాళ్ళకు తేదీతో పనిపడలేదా అని అడిగాడు. ఏజెంటు నవ్వాడు. మావయ్య నవ్వలేదు. బయటికి వచ్చి, మొక్కలకు నీళ్ళు పోస్తున్న తోటమాలిని పట్టుకున్నాడు.

“ఇక్కడ చదివినవాళ్ళు ఇప్పుడేం చేస్తున్నారు?”

“ఒకాయన ఇక్కడే ఉన్నారండీ. ఆఫీసులో గుమస్తా.”

“తక్కినవాళ్ళు?”

“ఆ ఉద్యోగం ఎప్పుడు ఖాళీ అవుతుందా అని అడుగుతుంటారండీ.”

ఏజెంటు నాన్న చెవి దగ్గరికి వంగాడు. “మీ బావగారు ఏం చేస్తుంటారు సార్?”

“అనుమానిస్తుంటారు,” అన్నాడు నాన్న.

మర్నాడు కోచింగ్ సెంటరు. ఈసారి అమ్మ కూడా వచ్చింది. గోడ నిండా ర్యాంకులు వచ్చినవాళ్ళ ఫొటోలు. మావయ్య వేలితో లెక్కపెట్టాడు. “నలభై ఆరు. మొత్తం చేరిందెంతమంది?”

“లోపల కూర్చుని మాట్లాడుకుందాం సార్,” అన్నాడు డైరెక్టరు.

“అంకె చెప్పడానికి కుర్చీ ఎందుకండీ?”

అంకె రాలేదు. అమ్మ దారి పొడుగునా అన్నగారికి పదడుగులు ముందే నడిచింది. ఇంటికొచ్చాక, “రెండు దారులూ మూసేశావు. మూడోది చూపించు మరి,” అంది.

“చూస్తున్నాను,” అన్నాడు మావయ్య. మేడెక్కి తలుపేసుకున్నాడు.

ఆ మర్నాటి నుంచి రోజూ మధ్యాహ్నం ఆయన గుడ్డ సంచీతో బయటికి వెళ్ళడం మొదలుపెట్టాడు. సంచీలో ఏదో టిక్కు టిక్కుమంటూ ఉండేది. మూడోరోజు అలమరలో చూస్తే అమ్మాయి మార్కుల కాగితం కనిపించలేదు. ఆ సాయంత్రం కళ్ళజోళ్ళ దుకాణం ముందు నుంచి వస్తుంటే, ఎప్పుడూ నవ్వుతూ పలకరించే ఆ దుకాణం ఆయన తల దించుకుని, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తున్నాడు. మలుపింటి బస్సు డ్రైవరు ఆమెను చూసి గబుక్కున పేపరు అడ్డం పెట్టుకున్నాడు. వాక్సిను వేసే నర్సమ్మ అయితే అవతలి పక్కకే దాటింది.

ఇంకేముంది, కాగితం వీధంతా తిరుగుతోందన్నమాట. అమ్మాయికి ఒళ్ళు మండింది.

శుక్రవారం మధ్యాహ్నం మావయ్య వెనకే వెళ్ళింది. మావయ్య రెండుసార్లు వెనక్కి చూశాడు. ఆయన మేనకోడలు కాబట్టి రెండుసార్లూ ముందే పక్కకు తప్పుకుంది. ఆయన తను రక్తం ఇచ్చే ల్యాబులోకి వెళ్ళాడు. అమ్మాయి కాసేపు ఆగి, అద్దం తలుపులోంచి చూసింది.

ల్యాబులో రోగులు లేరు. పొద్దున తీసిన రక్తాల పని అయిపోయి, సాయంత్రం రిపోర్టులకు ఇంకా టైమున్న వేళ. బల్ల మీది గాజు గొట్టాలు ఓ పక్కకు జరిపి ఉన్నాయి. ల్యాబావిడ ప్రశ్నపత్రం మీదికి వంగి పెన్సిలు కొరుకుతోంది. మావయ్య అలారం గడియారం పట్టుకుని ఆవిడ నెత్తి మీదే నిలబడ్డాడు.

“ఇంకా పదకొండు నిమిషాలు.”

“బాబాయిగారూ, ఈ రెండు రైళ్ళూ ఎదురెదురుగా ఎందుకొస్తున్నాయండీ? నడిపేవాళ్ళకు కళ్ళు లేవా?”

“మాట్లాడకూడదు.”

“గుద్దుకోవని ఒక్క మాట చెప్పండి, తక్కినవి రాసేస్తాను.”

అమ్మాయి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. “నా మార్కుల కాగితం ఎందుకు తీసుకున్నావు మావయ్యా? వీధంతా చూపించడానికా?”

“పరీక్ష మధ్యలో బయటివాళ్ళు రాకూడదు,” అన్నాడు మావయ్య. తర్వాత అలారం ఆపాడు. “నీకొచ్చిన పేపరు ఏ సెట్టో దాని మీదే ఉంది. అదే సెట్టు వెతికి తెప్పించాను. తూకం మీద అనుమానమొస్తే ఏం చేస్తాం? తెలిసిన బరువు పెట్టి చూస్తాం.”

సంచీలోంచి ఓ కాగితం తీసి ఇచ్చాడు. గుండ్రటి అక్షరాలతో వరసగా రాసి ఉంది. కళ్ళజోళ్ళాయన, ఇరవై ఏళ్ళలో ఒక్క అద్దం తప్పు పెట్టలేదు, ఇరవై ఏడు. బస్సు డ్రైవరు, ఒక్క ప్రమాదం లేదు, పంతొమ్మిది. నర్సమ్మ, పసిపిల్లలు కూడా ఏడవరు, ఇరవై నాలుగు. కిరాణా కొట్టు, పదహారు.

“నాన్నతో కూడా రాయించావా?”

“ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. నువ్వు చూసేశావు.”

అడుగున ఆయన పేరు లేదు. “మరి నీది?”

“పద్నాలుగు. ఇద్దరితో దిద్దించాను. మారలేదు.”

ల్యాబావిడ నవ్వు ఆపుకోలేక పెన్సిలు కింద పెట్టేసింది.

అమ్మాయి కాగితం మడిచింది, విప్పింది. “అందరినీ ఇన్ని అడిగావు. నేను సరిగ్గా చదివానో లేదో నన్నొక్క మాటైనా అడగలేదేం?”

మావయ్యకు ప్రశ్న అర్థమైనట్టు లేదు. “చదివానన్నావుగా,” అన్నాడు.

ల్యాబావిడకు ఇరవై రెండు వచ్చాయి. ఆ అవమానం మరిచిపోవడానికన్నట్టు ఆవిడ సూక్ష్మదర్శిని దగ్గరికి వెళ్ళి, రక్తం పూసిన ఓ గాజు పలక పెట్టి, అమ్మాయిని పిలిచింది. “ఏం కనిపిస్తోంది?”

అమ్మాయి ఒక కన్ను మూసింది. రెండో కంటితో మూల మూలా వెతికింది. “అన్నీ గుండ్రంగా ఉన్నాయి. ఈ మూల ఒకటి మాత్రం పెద్దది. దాని అంచు సాఫీగా లేదు.”

ఆవిడ తను చూసి, “ఊఁ,” అంది. స్టూలు జరిపి అమ్మాయిని కూర్చోమంది. “నేను పెద్దాసుపత్రిలో రెండేళ్ళ కోర్సు చేశాను. ఈ పరీక్ష మార్కులు వాళ్ళకక్కర్లేదు. పన్నెండో తరగతి పాసైతే చాలు. ఓ వారం కూర్చోబెట్టి చెయ్యీ, చూపూ చూసి తీసుకుంటారు.”

“అలా అని ఎవరు...” అని మొదలుపెట్టాడు మావయ్య. ల్యాబావిడ ఆయన వంక చూసింది. “సరే, నేనే విచారించాను,” అని ఒప్పుకున్నాడు. “కిందటేడు పాసైంది పన్నెండుమంది. పదకొండుమంది పనిలో ఉన్నారు. తొమ్మిదిమందిని కళ్ళతో చూశాను. పన్నెండో అమ్మాయికి పురుడొచ్చింది. పిల్లాణ్ణి కూడా చూసొచ్చాను.”

అమ్మాయి ఆ సాయంత్రం దీపాలు పెట్టేదాకా ఆ స్టూలు దిగలేదు.

ఇంటికి వచ్చేసరికి నాన్న ఫోనులో ఉన్నాడు. అవతల ఏజెంటు గొంతు గుమ్మం దాకా వినిపిస్తోంది. అమ్మ పక్కనే నిలబడి, కోచింగ్ కాగితాలతో విసురుకుంటోంది. మావయ్య మేడ మెట్ల దగ్గర ఆగాడు.

“ఏజెంటుకి వద్దని చెప్పు నాన్నా,” అంది అమ్మాయి. “సోమవారం పెద్దాసుపత్రికి వెళ్ళి ల్యాబు కోర్సుకి దరఖాస్తు ఇస్తున్నాను. నేనొక్కదాన్నే వెళతాను.”