ఆర్మూర్ల పసుపు రంగు దొరకని దినం

పందొమ్మిది వందల ఎనభై ఏడుల, పసుపు సీజన్ నడుస్తున్న దినాలల్ల, ఫుడ్ ఇన్‌స్పెక్టర్‌గా నాకు ఆర్మూర్‌కు పోస్టింగ్ అయింది. తినే సరుకుల కల్తీ పట్టుడు నా డ్యూటీ. ఊరే పసుపు ఊరు కాబట్టి నేను ముఖ్యంగ చూసేది పసుపు పొడి. మెరుపు కోసం కొందరు అందుల బట్టలకు వేసే రంగు కలిపేటోళ్లు. పొడి మీద ఆసిడ్ చుక్క వేసి నీళ్లు పోసినంక కూడ గులాబి రంగు పోకుండ నిలిచిందంటే అనుమానం. అప్పుడు శాంపిల్ తీస్తం. ధర కట్టి సరుకు కొని, సాక్షుల ముందట మూడు భాగాలు చేసి, మూడు సీసాలల్ల పోసి లక్క సీల్ వేస్తం. ఒకటి ల్యాబుకు పోతది, కడమ రెండు పై అధికారి దగ్గర ఉంటయి. నా సర్వీసుల నేను వేసిన సీల్ ఒక్కటి కూడ వంకర పడలేదు. గా సంగతి ఎవరూ అడగరు గని, నేనే చెప్పుకుంట.

మా ఇంటామె సులోచన గా దినాలల్లనే హైదరాబాద్ పోయి కేకులు చేసుడు నేర్చుకొని వచ్చింది. ఆమెకు వచ్చిన మొదటి ఆర్డర్ దవాఖానల స్టాఫ్ నర్సు రూతమ్మ బిడ్డ పెండ్లి కేకు. తెల్ల కేకు మీద పసుపు గులాబీలు కావాలని పెండ్లిపిల్ల కోరింది, మా ఆమె మాట ఇచ్చింది, రూతమ్మ దవాఖాన అంతా చెప్పుకున్నది. రేపు పెండ్లి అనంగ చూసుకుంటే బటర్ పేపర్ ఉంది, పూలు పిండే నాజిళ్లున్నయి, ఎసెన్స్ ఉంది, కేకు మీద చల్లే వెండి గోళీలున్నయి, పసుపు రంగు ఒక్కటి లేదు. తెచ్చుడు మర్చిపోయింది.

వంటింట్ల పసుపు చిటికెడు కలిపి చూసింది. నేను నాకి చూసిన. పులిహోరల చక్కెర పడ్డట్టున్నది.

“గీ కేకు కుదిరితే నాకు ఊర్ల పేరొస్తది, కుదరకుంటె దవాఖాన మెట్లు మళ్ల ఎక్కలేను” అని సులోచన కండ్లల్ల నీళ్లు తెచ్చుకున్నది. నిజామాబాద్ బస్సెక్కుత అన్నది. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఊరంతా నా చేతి కింద ఉండంగ చిన్న రంగు డబ్బకు బస్సెందుకు, నేను తెస్త అన్న. మిఠాయిలకు, కేకులకు వేసేటందుకు సర్కారు ఒప్పుకున్న రంగులు వేరే ఉంటయి, సీల్ డబ్బల వస్తయి. అవి అమ్మితే నేరమేం లేదు. పసుపు పొడిల కలిపితేనే నేరం.

ఆఫీసు నుంచి అటే పోయిన. చేతిల శాంపిల్ సీసాలు, లక్క ఉండే నా తోలు బ్యాగు కూడ ఉన్నది. ఇంట్ల పెట్టి పోవాలన్న తెలివి నాకు రాలేదు.

మొదట మెయిన్ రోడ్డు మీది గంగాధర్ సేటు కిరాణం. సేటు పెద్దమనిషి, దుకాణంల లేని సరుకు ఉండదని పేరు. పసుపు రంగు ఉందా అని అడిగిన. ఆయన మొకంల నెత్తురు లేదు. “రంగా? రామరామ! మా తాతల కాలం నుంచి రంగు మొకమే చూడలే సార్” అన్నడు. కేకుకు కావాలన్న. “కేకంటె ఏంది సార్?” అన్నడు. ఆయన వెనుక అల్మరల కేకుల డబ్బాలు నాలుగు పేర్చి ఉన్నయి.

రెండో దుకాణంల అడగకముందే లేదన్నరు. మూడో దుకాణపాయన పిప్పరమెంట్ల సీసాలను నేను చూస్తుండంగనే గల్ల కిందికి దించిండు. మిర్చి బజ్జీలాయన పొయ్యి ముందట లేచి నిలబడి, “గిది ఇంట్ల దంచిన పసుపే సార్, మా అమ్మ మీద ఒట్టు” అన్నడు. నేను ఆయనను ఏమీ అడగలే. మిఠాయి దుకాణానికి నేను చేరేలోపల కబురు ముందే చేరింది. లడ్డూల పళ్లెం మాయం. పెనంల అప్పుడే వేస్తున్న జిలేబీలు తెల్లగ, జ్వరం పడి లేచినట్టున్నయి. మార్కెట్ యార్డుల గుట్టలు గుట్టలు పసుపు పోసున్నది, నాకు మాత్రం చిటికెడు రంగు అమ్మేటోడు లేడు.

ఉత్త చేతులతో ఇంటికొచ్చి జరిగింది చెప్పిన. సులోచన నా చేతిల బ్యాగు దిక్కు చూసింది.

“మీరు కొనబోయిండ్రా, దాడికి పోయిండ్రా?” అన్నది. సంచి తీసుకొని బయటపడ్డది. పొయ్యి మీద చాయ మరగకముందే తిరిగొచ్చింది. సంచిల పసుపు రంగు డబ్బ ఒకటి, గులాబి రంగు డబ్బ ఒకటి, పొట్లం నిండ రంగు రంగుల చక్కెర గోళీలు. గంగాధర్ సేటు దుకాణంలనే అట!

ఎట్ల ఇచ్చిండే అని అడిగిన. ఆమె చేసిందల్ల ఒకటే. గల్ల మీదికి వంగి, మెల్లగ, “మా సార్‌కు తెల్వొద్దు” అన్నదట. సేటు మొకం వెలిగిపోయిందట. కింది నుంచి డబ్బాలన్ని తీసి, పూలకు ఏ రంగు మంచిగుంటదో విడమరిచి చెప్పి, గోళీలు ఊరికే ఇచ్చి, “సార్ మంచోడే గనమ్మ, జర కడక్” అన్నడట.

డబ్బ తిప్పి తిప్పి చూసిన. సీల్ ఉంది, లేబుల్ ఉంది, కంపెనీ అడ్రస్ ఉంది. ఒప్పుకున్న రంగే. నాకు ఒళ్లు మండింది. తప్పు లేని సరుకును తప్పు సరుకు తీర్గ గల్ల కింద పెట్టుడేంది! మా ఆమె మాత్రం నా కోపం వినలేదు, పువ్వులు పిండుకుంట కూసున్నది.

తెల్లారి చర్చి పక్కన షామియాన కింద కేకు పెట్టిన్రు. పసుపు గులాబీలు చూసి పెండ్లిపిల్ల నోరు తెరిచింది, రూతమ్మ సులోచనను కావలించుకున్నది. అందరి మధ్యల గంగాధర్ సేటు కూడ ఉన్నడు. కేకు మీది పూలు చూసిండు, నన్ను చూసిండు, తువాలతోని మెడ తుడుచుకున్నడు. నా ప్లేటుల పడ్డ ముక్క మీద నిండు గులాబి ఉన్నది. ఆయన ముందటికే పోయి, కండ్లల్ల కండ్లు పెట్టి, పువ్వు మొత్తం మెల్లగ తిన్న. ల్యాబు రిపోర్టు కోసం నిలబడ్డట్టు నిలబడ్డడు పాపం.

“బాగున్నది సేటు” అన్న.

“ఏంది సార్ బాగున్నది?”

“గులాబి.”

“నేనెరుగ సార్” అన్నడు. నేను నవ్విన. నా నాలిక పసుపుపచ్చగ అయింది చూసి గప్పుడు ఆయన కూడ నవ్విండు. పోయేముందు మనుమని పుట్టినదినానికి కేకు ఆర్డర్ సులోచనకు ఇచ్చిండు. రంగు మాత్రం ఇంకో ఊరినుంచి తెప్పించుకొమ్మన్నడు, నేను వింటున్న కదా.

ఇన్‌స్పెక్టర్‌కు కనిపించేది దుకాణం కాదు, దాచిపెట్టంగ మిగిలింది. ఈ ముక్క మాకు ట్రైనింగుల చెప్పలేదు. ఆ తర్వాత ఏ ఊరికి బదిలీ అయినా, జాయినింగ్ రిపోర్ట్ ఇచ్చినంక నేను చేసే మొదటి పని ఒకటే: సులోచన చేతికి సంచి ఇచ్చి బజారుకు పంపుడు. బ్యాగు పట్టుకొని నేను రెండో దినం పోయేటోన్ని.