సామాన్లకు హాజరు

ఇంటికి రంగులు వేయిస్తున్నాం కాబట్టి మొన్న ఆదివారం అటక ఖాళీ చేయవలసి వచ్చింది. పాత దుప్పటిలో చుట్టిన మూట ఒకటి కిందికి దించి ముడి విప్పగానే ముందు వాసన తగిలింది. ముతక కాన్వాస్, తోలు, ఎండిన చెమట, వాటన్నిటి మీద టాల్కం పౌడర్. నా రైఫిల్ షూటింగ్ జాకెట్. అది చొక్కాలా మడత పడదు. వేసుకున్న మనిషి లేకపోయినా అట్టలా బిగుసుకుని భుజాలు నిలబెట్టుకుని ఉంటుంది. రంగులేసే అతను చూసి, "ఏంది సార్ గిది, మిలిట్రీదా?" అని అడిగాడు. కాదన్నాను. వివరించబోయి ఆగిపోయాను. ఆ జాకెట్ గురించి చెప్పాలంటే ప్రమీల మేడమ్ గురించి చెప్పాలి. ఆవిడ గురించి చెప్పడం మొదలుపెడితే ఈమధ్య ఆఫీసులో నేను చేసిన పని గుర్తు రాక మానదు.

మేడమ్‌ది తెనాలి వైపు. రైల్వేలో గుమాస్తా ఉద్యోగం మీద సికింద్రాబాద్ వచ్చి, మారేడ్‌పల్లిలో రెండు గదుల ఇంట్లో స్థిరపడ్డారు. వయసులో ఉండగా రైల్వే జట్టు తరఫున ఎయిర్ రైఫిల్ పోటీల్లో పాల్గొన్నారు. నేను ఇంటర్ చదివే రోజుల్లో మా ముగ్గురికి గురి నేర్పేవారు. నేను, మా వీధి చివరి ఇంటి ఇమ్రాన్, మోటార్ వైండింగ్ దుకాణం యాదగిరి గారి అమ్మాయి లావణ్య. రైఫిల్ ఆవిడదే, ఒక్కటే, వంతులవారీగా వాడుకునేవాళ్ళం. షూటింగ్ అంటే ట్రిగ్గర్ నొక్కడమని అనుకుని వెళ్ళిన నాకు మొదట్లో చాలా రోజులు రైఫిల్ చేతికి ఇవ్వలేదు. సామాన్లు సర్దడం నేర్పారు. దేని పక్కన ఏది ఉండాలి, దేని మీద ఏది ఉండకూడదు, గాలి సిలిండర్‌ని ఎండలో ఎందుకు పెట్టకూడదు, పెల్లెట్ల, అంటే సీసపు గుండ్ల, డబ్బాని రైఫిల్‌తో ఒకే సంచిలో ఎందుకు వెయ్యకూడదు. సగం గురి ఇంటి దగ్గరే కుదురుతుందనేవారు.

గురి సాధన చేసే రేంజికి వెళ్ళే ముందు రోజు, శనివారం సాయంత్రం, ముందుగదిలో నేల మీద దుప్పటి పరిచి హాజరు పిలిచేవారు. మాకు కాదు, సామాన్లకు. ఒక్కో వస్తువు పేరు ఆవిడ పిలవాలి, ఆ వస్తువు ఎవరి బాధ్యతో వాళ్ళు దాని తరఫున పలకాలి. "రైఫిల్?" "ఉన్నాను మేడమ్." "సిలిండర్?" "హాజర్ మేడమ్," అని ఇమ్రాన్. "ఎడమ గ్లోవ్? ఏమయ్యా ఎడమ గ్లోవూ, నిద్రపోయావా?" నాకు మొదట్లో ఇది చిన్నపిల్లల ఆటలా అనిపించింది. కాగితం మీద పట్టిక గీసుకొచ్చి, టిక్కు పెట్టుకుంటే సరిపోతుంది కదా అన్నాను. ఆవిడ దాన్ని తిప్పి చూసి, "బాగా గీశావు. కానీ టిక్కు పెట్టేటప్పుడు కాగితం వంకే చూస్తావు నాయనా. పలకాలంటే వస్తువు వంక చూడాలి," అని తిరిగి ఇచ్చేశారు. లావణ్య ముక్కుతో సాగదీసి "ఉన్న మేడేమ్" అనేది. ఆ గొంతును ఇమ్రాన్ అనుకరిస్తే ఆ పిల్ల వాడి వీపు మీద ఒకటి చరిచేది. హాజరు పూర్తయ్యేదాకా మేడమ్ మాత్రం నవ్వేవారు కాదు.

రైఫిల్ పెట్టె పాడైపోయాక మేడమ్, తమ చర్చి వాళ్ళు పక్కన పడేసిన పెద్ద కీబోర్డు సంచి తెచ్చారు. లోపల స్పాంజిని కోసి రైఫిల్‌కి గూడు చేశారు, మిగతా చోట్ల చిన్న చిన్న గూళ్ళు. సంచి మీద పియానో మెట్ల బొమ్మ ఉండేది. దాన్ని మోయాలంటే నాకు చచ్చేంత సిగ్గు. రేంజికి మిగతా పిల్లలు చక్రాలున్న గట్టి పెట్టెలు లాక్కుంటూ వస్తే మేము బ్యాండు మేళంలా దిగేవాళ్ళం. ఒకసారి ఆటో డ్రైవర్ సంచి చూసి, "చర్చికా అమ్మా? నా బిడ్డ సుత కీబోర్డు నేర్చుకుంటుంది," అన్నాడు. నేను టక్కున "అవునన్నా, చర్చికే," అన్నాను. మేడమ్ నా మోకాలి మీద చెయ్యి వేసి, "కాదండీ. ఇందులో ఎయిర్ రైఫిల్ ఉంది, పోటీలకి వాడేది. పెల్లెట్లు వేరే సంచిలో ఉన్నాయి. కాగితాలు నా దగ్గరున్నాయి," అన్నారు. ఆటో రోడ్డు పక్కకి వచ్చి ఆగింది.

"రైఫిలా? నాకెందుకమ్మా గీ పరేషాన్. దిగుండ్రి."

దిగాం. ఎండలో నడుస్తుంటే ఇమ్రాన్ అన్నాడు, "మేడమ్, జెర సేపు పాటగాళ్ళమైతే ఏం పోతుండె?"

"నీ పాట వింటే ఎలాగూ దింపేసేవాడు," అన్నారు మేడమ్.

వాళ్ళిద్దరూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. అబద్ధం నాది, అది పట్టుబడింది, పైగా దాని సంచి కూడా నా భుజానే ఉంది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని రేంజి వచ్చేదాకా అనుకుంటూనే ఉన్నాను.

రెండో ఏడు లావణ్య ఒక్కతే పెద్ద పోటీకి అర్హత సాధించింది. అందులో ముందు వరుసలో నిలిస్తే తను కోరుకున్న డిగ్రీ కాలేజీలో స్పోర్ట్స్ కోటా సీటుకి సర్టిఫికెట్ పనికొస్తుంది. యాదగిరి గారు దుకాణానికి వచ్చే ప్రతివాడికీ ఈ సంగతి చెప్పేవారు. లావణ్య ఇంట్లో గోడ మీద చుక్క పెట్టుకుని చూపు నిలిపే సాధన చేయడానికి రైఫిల్ వెనక సైట్ తీసుకెళ్ళింది. వెనక సైట్ అంటే కంటి దగ్గర ఉండే చిన్న లోహపు భాగం. దాని సన్నటి రంధ్రంలోంచే లక్ష్యాన్ని చూస్తాం. అది లేని రైఫిల్ ఒట్టి గొట్టంతో సమానం. పోటీ ముందు రోజు శనివారం మేనత్త కూతురి పెళ్ళి ఉండటంతో శుక్రవారమే మేడమ్ ఇంటికి సైట్ తెచ్చి, "ఫ్రిజ్ మీద పెట్టిన మేడమ్," అని చెప్పి వెళ్ళింది. మేడమ్ అప్పుడు ఫోన్లో ఉన్నారు. తల ఊపారు.

శనివారం హాజరులో "వెనక సైట్?" అన్నారు మేడమ్. లావణ్య లేదు. అప్పుడు మేడమే ముక్కుతో సాగదీసి, అచ్చం లావణ్య గొంతుతో, "ఉన్న మేడేమ్," అన్నారు. ఇమ్రాన్ వెల్లకిలా పడిపోయి నవ్వాడు. నేనూ నవ్వాను. హాజరు మధ్యలో ఆవిడ నవ్వడం నేను చూసింది అదొక్కసారే. ఆ నవ్వులోనే తర్వాతి పేరు పిలిచారు, ఆ తర్వాతిది, చివరికి జిప్పు లాగారు.

మర్నాడు పోటీ నగరం అవతలి చివర. యాదగిరి గారు దుకాణం మూసి మాతో వచ్చారు. మేడమ్ బల్ల మీద సంచి తెరిచారు. సైట్ పెట్టె ఉండవలసిన గూడు ఖాళీగా ఉంది. ఆవిడ వేళ్ళు ఆ గూట్లో పెట్టి తడిమి, మళ్ళీ తడిమారు. లావణ్య మెల్లగా, "ఫ్రిజ్ మీద పెట్టిన అని చెప్పిన గద మేడమ్," అంది.

"చెప్పావు. నేనే వినలేదు. వినకుండానే నీ బదులు పలికాను."

వెనక్కి వెళ్ళి తెచ్చే వ్యవధి లేదు. ఎవరినైనా అడగాలి. అక్కడ మా రైఫిల్‌కి సరిపోయే సైట్ అదనంగా ఉండేది సైనిక్‌పురి కోచ్ రావు గారి దగ్గరేనని అందరికీ తెలుసు. అంతకు ముందు పోటీలో ఆయన శిష్యుడొకడు బెల్టు మరిచిపోయి వస్తే, మేడమ్ పది మందిలో "మా దగ్గర ఇలా జరగదండీ, మేము హాజరు తీస్తాం," అన్నారు. అది నాకు గుర్తుంది. ఆయనకీ గుర్తుండే ఉంటుంది. "నేను అడిగొస్తాను మేడమ్," అన్నాను. "వద్దు. నువ్వు నాతో రా చాలు," అన్నారు.

రేంజి వరండా పొడవునా రావు గారి పిల్లలు కూర్చుని ఉన్నారు. మేడమ్ ఆయన ముందు నిలబడి అడిగారు. ఆయన వెంటనే లేవలేదు. పిల్లల వైపు ఒకసారి చూసి, "ఏంటి మేడమ్, ఇవాళ హాజరు తీయలేదా?" అన్నారు. పిల్లలు కిసుక్కున నవ్వారు. నేల మీద టైల్స్ మధ్య గీతలు చూస్తూ నిలబడ్డాను. ఆవిడ ఏదైనా చెప్పి సమర్థించుకుంటారనీ, లేకపోతే కనీసం గొంతు తగ్గిస్తారనీ ఆశపడ్డాను.

"తీశానండీ. లేనిదాన్ని ఉందని నేనే పలికాను," అన్నారు ఆవిడ, పిల్లలందరికీ వినబడేలా.

నవ్వు ఆగిపోయింది. రావు గారు లేచి, తన పెట్టెలోంచి సైట్ తీసి, స్వయంగా వచ్చి మా రైఫిల్‌కి బిగించారు. కానీ వేరే సైట్ పెడితే గురి మళ్ళీ సరిచూసుకోవాలి, పోటీకి ముందు అందుకిచ్చే సమయంలో చాలా భాగం అప్పటికే గడిచిపోయింది. లావణ్య తొలి రౌండంతా సరిచూసుకుంటూనే కొట్టింది. తర్వాత బాగా కొట్టింది. అది సరిపోలేదు. ఫలితాలు గోడ మీద అతికించినప్పుడు ఆ పిల్ల ఏడవలేదు. గ్లోవ్ విప్పి మడిచి జేబులో పెట్టుకుంది.

సాయంత్రం గేటు బయట మేడమ్ యాదగిరి గారి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పారు. ఆయన మంచివాడు. "మీరు కావాలని చేసిండ్రా మేడమ్, పోనియ్యుండ్రి," అన్నారు.

"పోనివ్వకండి. అమ్మాయి సీటు పోయింది. నా వల్ల పోయింది."

ఆ మాట వినకపోతే ఆయనకి కోపం వచ్చేది కాదేమో. "అయితే పోయింది," అన్నారు. "ఇగ మీ దగ్గరికి ఎట్ల పంపాలె?"

"ఎందుకు పంపాలో నాకూ తెలియటం లేదండీ. రావు గారితో నేను మాట్లాడతాను."

ఆవిడ చెప్పగలిగిన కారణాలు తర్వాత చాలాసార్లు వరుసగా పేర్చుకున్నాను. ఒకటి, శుక్రవారం ఆవిడకి ఒళ్ళు వెచ్చగా ఉంది. రెండు, సైట్ పెట్టవలసింది సంచిలో, ఫ్రిజ్ మీద కాదు. మూడు, లావణ్య హాజరుకి రాలేదు. నాలుగు, సంచి సర్దిన మేమిద్దరం కూడా గూట్లోకి చూడలేదు. అన్నీ నిజాలే. ఆవిడ ఒక్కటీ వాడుకోలేదు. ఆ రోజు నాకది గొప్పగా అనిపించలేదు, నిజం చెప్పాలంటే చిన్నతనంగా అనిపించింది. మా మేడమ్ అందరి ముందూ ఎందుకింత వంగిపోవాలి అనుకున్నాను.

తర్వాతి వారం లావణ్య సామాన్లు ఆవిడే సర్ది, ఆ పిల్లని రావు గారి దగ్గర చేర్పించడానికి సైనిక్‌పురి తీసుకెళ్ళారు. సంచి నేను మోశాను. తన సైట్ కూడా ఆ పిల్లకే ఇచ్చేశారు. రావు గారు ఇబ్బందిపడుతూ, "మీరే నేర్పండి మేడమ్, వాళ్ళ నాన్నకి నేను చెప్తాను," అన్నారు. "వద్దండీ, ఆయన చేసింది సరైనదే," అని, లావణ్య ఊపిరి వదిలాక కాస్త ఎక్కువసేపు ఆగుతుందనీ, కంగారు పెట్టవద్దనీ, ఎడమ మోచెయ్యి అలసిపోతే చెప్పదు కాబట్టి అడగాలనీ అప్పజెప్పారు. తిరిగి వస్తుంటే బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. మౌలాలి దాటాక, "బాగా కొట్టే పిల్ల," అన్నారు. అంతే. ఆ తర్వాత కొత్తగా చేరిన పిల్లలకి మొదటి శనివారమే ఆ సంగతి తనే చెప్పేవారు. ఒకరి బదులు ఇంకొకరు పలకకూడదని, ఒకసారి తను పలికానని, దానివల్ల ఎవరికి ఏం జరిగిందో పేరుతో సహా చెప్పేవారు. నేను అక్కడుంటే మంచినీళ్ళ వంకతో వంటగదిలోకి వెళ్ళిపోయేవాడిని. మేడమ్ పోయిన వానాకాలంలో చనిపోయారు.

నేనిప్పుడు బేగంపేటలో యంత్ర భాగాల డిజైన్ ఆఫీసులో పనిచేస్తున్నాను. గత నెల నేను చూసి సంతకం పెట్టిన డ్రాయింగ్‌లో ఒక కొలత తప్పు. భాగాలు తయారై వచ్చాక గానీ తెలియలేదు. మేనేజర్ వివరణ అడిగితే మెయిల్ రాశాను. నాలుగు కారణాలు, అంకెలు వేసి, ఒక్కొక్కటి ఒక్కో వాక్యంలో. నాలుగూ నిజాలే. మూడో దాంట్లో నా కింద పనిచేసే సందీప్ పేరు ఉంది. ఫైలు ఆలస్యంగా పంపాడని రాశాను; ఆలస్యంగానే పంపాడు. సంతకం పెట్టేటప్పుడు ఆ కొలత వైపు నేను చూడలేదన్న సంగతి నాలుగింటిలోనూ లేదు. మర్నాడు మేనేజర్ సందీప్‌ని గదిలోకి పిలిచాడు. వాడు బయటికి వచ్చి తన సీట్లో కూర్చుని స్క్రీన్ వైపు చూస్తూ ఉండిపోయాడు.

మధ్యాహ్నం వాడి దగ్గరికి వెళ్ళాను. ఏం చెప్పాలో తెలిసే వెళ్ళాను. అది ఎలా చెప్పాలో, గొంతు ఎంత పెద్దగా ఉండాలో, చెప్పాక ఎక్కడ ఆగాలో కూడా నాకు తెలుసు. పక్కన నిలబడి చూసినవాడిని. "సందీప్, ఆ డ్రాయింగ్ సంగతి..." అన్నాను.

వాడు తల ఎత్తి, నన్ను కష్టపెట్టడం ఇష్టం లేనట్టు నవ్వాడు. "అయిపోయింది కదన్నా. లైట్ తీస్కో."

చుట్టూ అందరూ ఉన్నారు. "థాంక్స్ రా," అని వాడి భుజం తట్టి, వచ్చి నా సీట్లో కూర్చున్నాను.