గాజుబుడ్డి మీద తువ్వాలు

కువైట్ నగరంలోని షర్క్‌లో ఓ ఆఫీసు మిద్దె మీదున్న గాజుబుడ్డిని తుడవడం కడప బాలసుబ్బయ్య పని. దుమ్ము పడకూడదన్నారే గానీ అది దేనికో ఎవరూ చెప్పి చావలేదు. దుమ్ముగాలి రేగిందని నాలుగు రోజులుగా దానిమీద తన తువ్వాలు కప్పి ఉంచాడు.

ఇంజనీరు మురళీధర్ రొప్పుతూ పైకొచ్చాడు. "ఎంత పని చేశావయ్యా! అది ఎండలో హాని ఎంతుందో కొలిచే మిషను. నీ తువ్వాలు వల్ల ఎండతో ప్రమాదం లేదని ఊరందరి ఫోన్లకీ వెళ్తోంది!"

బాలసుబ్బయ్యకు పొద్దుటి ఫోను గుర్తొచ్చింది.

కువైటీల ఇంట్లో పనిచేసే భార్య రెడ్డెమ్మ, తను 'మామా' అని పిలిచే యజమానురాలి సంగతి చెప్పి పొద్దున్నే ఫోన్లో ఏడ్చింది. "ఎండేం చెయ్యదని ఫోన్లో ఉండాదంటయ్యా. మామా నన్ను రోజూ మద్యానం పిల్లోళ్లతో సముద్రం కాడికి పంపిస్తా ఉండాది. మొగమంతా బొబ్బలు లేసినాయి."

"ఆ ఫోన్లో పెట్టినోడెవడో, వాని చేతులు పడిపోను!" అని తిట్టాడు తను.

ఇప్పుడు తువ్వాలు తీద్దామంటే చేతులు లేవడం లేదు.